32 బిట్ల కార్డు, 16 జీబీ ర్యామ్: డీఎంఏ మ్యాపింగ్ ఫెయిలవుతోంది, దారి చెప్పండి

నమస్తే అండీ. బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఒక చిన్న కంపెనీలో లినక్స్ డ్రైవర్లు రాస్తుంటాను. మా పాత వీడియో క్యాప్చర్ కార్డుకి 32 బిట్ల అడ్రసే తెలుసు, 4 జీబీ దాటిన మెమరీ దానికి కనపడదు. డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా కార్డే నేరుగా మెమరీతో డేటా మార్చుకోవడం) మాస్క్, అంటే కార్డు ఎంతవరకు అందుకోగలదో కెర్నల్‌కి చెప్పే హద్దు, అలాగే పెట్టాను. 2 జీబీ మెషీన్లో ఏళ్ల తరబడి నడిచింది. మొన్న 16 జీబీ మెషీన్‌కి మార్చగానే గోల మొదలైంది: "ఎస్‌డబ్ల్యూఐఓటీఎల్‌బీ బఫర్ ఈజ్ ఫుల్", పక్కనే సైజు 614400 బైట్లు. 640 × 480, పిక్సెల్‌కి 2 బైట్లు, సరిగ్గా ఒక ఫ్రేమ్.

ఎస్‌డబ్ల్యూఐఓటీఎల్‌బీ అంటే బౌన్స్ బఫరే: కార్డుకి అందని పై మెమరీకి బదులుగా, కింద డేటా కాపీ చేసి పెట్టే తాత్కాలిక చోటు. అది మొత్తం 64 ఎంబీ, లాగ్‌లో చూస్తే దాదాపు ఖాళీ! 256 ఎంబీకి పెంచినా అదే ఎర్రర్. రెండు రాత్రుళ్ళు పోయాక తెలిసింది, ఒక్కో మ్యాపింగ్‌కి (ఒక బఫర్‌ని డీఎంఏ కోసం కార్డుకి అప్పగించడానికి) 256 కేబీ మించి ఇవ్వదట.

ఐఓఎంఎంయూ (కార్డు వాడే అడ్రసుల్ని ఎక్కడి మెమరీకైనా మళ్ళించే హార్డ్‌వేర్) ఆన్ చేస్తే సరిపోతుంది గానీ, కస్టమర్ల మెషీన్లన్నిట్లో అది ఉండదు. కార్డుకి స్కాటర్ గ్యాదర్ (చెల్లాచెదురుగా ఉన్న మెమరీ ముక్కల్ని ఒకే బదిలీలో వాడుకోవడం) వచ్చు కాబట్టి ఫ్రేమ్‌ని ముక్కలు చేసి పంపనా, లేక డీఎంఏ అలాక్ కొహిరెంట్‌తో (డీఎంఏకి పనికొచ్చే వరుస మెమరీ ఇచ్చే కెర్నల్ ఫంక్షన్) 4 జీబీ లోపలే బఫర్లు ముందే తీసి పెట్టుకోనా? మొదటిదైతే సెకనుకి 30 ఫ్రేములు కాపీ తప్పదు. రెండోదైతే, రోజుల తరబడి నడిచిన మెషీన్లో డ్రైవర్ని మళ్ళీ లోడ్ చేస్తే వరుసగా అంత చోటు దొరుకుతుందా అని టెన్షన్. ఈ తిప్పలు పడినవాళ్ళు మీరేం చేశారో కాస్త చెప్పరూ?