నల్లమల మూలికల విద్యను కర్నూలు శిబిరంలో నేర్పాలా, వద్దా?

కొర్రసంగటి (కర్నూలు):
అందరికీ నమస్కారం. మా పొదుపు సంఘంలో 14 మంది ఆడవాళ్ళం. ఈ ఎండాకాలం రెండు రోజుల శిబిరం పెట్టాలనుకుంటున్నాం. మొదటి రోజు కొర్ర, సజ్జ, అరికె వంటలు, విత్తనాలు. రెండో రోజు ఆత్మకూరు వైపు గూడేల నుంచి చెంచు పెద్దలను పిలిచి, ఏ ఆకు, ఏ వేరు దేనికి పనికొస్తుందో చెప్పించాలని. మా అవ్వ నాటికి ఇంట్లో జొన్నరొట్టె, కొర్రన్నమే. వరి అన్నం పండగ తిండి. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చి కడుపులు నింపింది, కాదనను. కానీ ఆ తర్వాత చేలో కొర్ర పోయింది, దానితో పాటే గట్టు మీది ఆకుకూరల పేర్లూ పోయాయి. మా పాపకు గురుగాకు చూపిస్తే గడ్డి అంటుంది. రెండో రోజు గురించి మాత్రం సంఘంలోనే మాట కలవలేదు. మీరేమంటారు?

ఊరి నర్సు:
అక్కా, మొదటి రోజుకు నేనూ వచ్చి పని చేస్తా. రెండో రోజు వద్దు. మా పరిధిలో ఒక పెద్దాయన ఎక్కడో మూలికల శిబిరానికి పోయొచ్చి, షుగర్ మాత్రలు మానేసి కషాయం పట్టాడు. కాలి బొటనవేలు నల్లబడి చివరకు తీసేశారు. ఆ పుండుకు రోజూ కట్టు మార్చింది నేనే. ఆకు మంచిదా చెడ్డదా అని నేను వాదించను. తిప్పతీగనే తీసుకోండి. కరోనా రోజుల్లో అది వాడినవాళ్ళలో కొందరికి లివర్ దెబ్బతిన్నదని 2021లో ముంబై డాక్టర్లు రాశారు. వాళ్ళు తాగింది అసలు తిప్పతీగేనా, దాన్ని పోలిన వేరే తీగా తేల్చలేదు కదా అని ఆయుష్ శాఖ జవాబిచ్చింది. శాఖ మాటే నిజమనుకుందాం. ఆ తేడాను ఒక్క పూటలో అంతమందికి ఎవరు నేర్పుతారు?

గట్టు మీది మనిషి:
రాత్రిపూట బండి దొరకని ఊళ్ళు ఇంకా ఉన్నాయమ్మా. అక్కడ దగ్గుకు, కడుపునొప్పికి ఆకే దిక్కు. అది కూడా మరిచిపొమ్మంటే ఎట్ల?

ఊరి నర్సు:
దగ్గుకు తులసి, అడ్డసరం వద్దనలేదన్నా. షుగర్, బీపీ, గర్భిణులు, పాముకాటు, వీటి జోలికి పోవద్దంటున్నా.

నల్లమల బిడ్డ:
నేను చెంచు గూడెంలో పుట్టినవాణ్ణి. పిలవాలనుకున్నందుకు సంతోషం అక్కా. కానీ నాకు వేరే భయం ఉంది. మీ ఊళ్ళో ఎండ ముదిరితే ఎక్కడ చూసినా నన్నారి సోడానే కదా. ఒకప్పుడు ఆ వాసన సుగంధిపాల వేరుది, ఇప్పుడు ఎక్కువగా మారేడు గడ్డది. శివుడికి పెట్టే మారేడు కాదు, రాళ్ళ సందుల్లో పాకే తీగ. గడ్డను దంచి, నడిమి కట్టె తీసేసి, పై కండ వాడతారు. మా నాయన తవ్వితే తల్లివేరు కదలనియ్యడు. పక్కవేళ్ళు రెండో మూడో కోసుకొని, గుంత పూడ్చి, కాలితో తొక్కి, పైన ఆకు కప్పి వస్తాడు. మళ్ళీ ఆ తీగ దగ్గరికి ఏళ్ళ తరబడి పోడు. బేరానికి తవ్వేవాళ్ళు మొదలంటా పెకలించుకుపోతారు. ఈ తీగ ఇప్పుడు అంతరించే ప్రమాదమున్న మొక్కల అంతర్జాతీయ జాబితాలో ఉంది. ఒక వేరు పేరు పట్నంలో పాకితే కొండ మీద ఏమవుతుందో మేం కళ్ళారా చూశాం.

ఇంకో మాట. సంప్రదాయ విజ్ఞానం మీద హక్కు సముదాయానిదని 2006 అటవీ హక్కుల చట్టంలోనే ఉంది. కేరళలో కాణి తెగవాళ్ళు ఆరోగ్యపచ్చ మొక్కను శాస్త్రవేత్తలకు చూపిస్తే, దానితో చేసిన మందు మీద వచ్చిన లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం వాళ్ళ ట్రస్టుకు చేరేలా ఒప్పందం జరిగింది. మా పెద్దలకు మీరు ఇచ్చేది శాలువా, భోజనం, బస్సు ఛార్జీ. వాళ్ళు చెప్పింది వందమంది ఫోన్లలోకి ఎక్కాక, ఇది మాదని ఎవరిని పోయి అడగాలి?

ఎర్రనేల (అనంతపురం):
తమ్ముడూ, నీ బాధ న్యాయమే. కానీ ఎవరికీ చెప్పకపోతే ఆ విద్య పెద్దాయనతోనే పోదా? మా దగ్గర కొర్రకు అదే జరిగింది. వేరుశనగ వచ్చి చేలన్నీ కమ్మేసింది. ఇంటి విత్తనం ఒకరిద్దరి గాదెల్లో మిగిలింది, వాళ్ళు పోయాక అదీ లేదు. ఇప్పుడు నంద్యాల పరిశోధన కేంద్రం వాళ్ళ సూర్యనంది కొర్ర వేస్తున్నాం. 75 రోజుల్లో చేతికొస్తుంది, మంచి రకమే. మా తాత వేసిన కొర్రను మాత్రం ఎవరూ తిరిగి తెచ్చివ్వలేరు.

నల్లమల బిడ్డ:
దాచమనడం లేదన్నా, ముందు ఎవరికి చెప్పాలన్నదే నా మాట. మా పిల్లలు ఏడాదిలో ఎక్కువ రోజులు హాస్టల్‌లోనే. మా నాయన వెంట కొండెక్కేవాడు లేడు. మా చెల్లెలి కొడుకుకు పాఠంలోని మొక్క భాగాలన్నీ వచ్చు, గూడెం వెనక ఉన్న తీగ పేరు రాదు. శిబిరం పెట్టేదుంటే సెలవుల్లో, గూడెంలో, వాళ్ళకు పెట్టండి. మీలో ఎవరికి ఎంత చెప్పాలో తర్వాత పెద్దలే తేలుస్తారు.

కొర్రసంగటి (కర్నూలు):
నిన్న సంఘంలో ఇదంతా చదివి వినిపించాను. శిబిరం ఒక్కరోజే, తిండికీ విత్తనాలకే. రెండో రోజుకని పోగేసిన 6,000 రూపాయలు గూడెం పిల్లల సెలవుల శిబిరానికి ఇస్తాం, అదీ గూడెం పెద్దలు ఒప్పుకుంటేనే. ఇద్దరం వచ్చి అడుగుతాం తమ్ముడూ, ఫోన్లు సంచిలోంచి తియ్యం. ఇద్దరు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు, మూలికలు లేకపోతే జనం రారంటున్నారు. నర్సమ్మా, నువ్వు తప్పక రావాలి. కొర్ర తింటే షుగర్ మాత్రలు అక్కర్లేదనే మాట మా వీధిలో అప్పుడే మొదలైంది.