వాదనకు జవాబివ్వకుండానే ట్రిబ్యునల్ కేసును వెనక్కి పంపవచ్చునా?

ప్రశ్న (ఆదోని, పత్తి వ్యాపారి):

అందరికీ నమస్కారం. మాకు ఆదోనిలో జిన్నింగు మిల్లు ఉంది. రైతులకు నగదుగా చెల్లించిన పత్తి కొనుగోళ్ల విషయమై, 2013-14 మదింపు సంవత్సరానికి 2019 మార్చిలో ఆదాయపు పన్ను చట్టం 148 సెక్షన్ కింద నోటీసు ఇచ్చి, పునర్మదింపు చేసి పన్ను వేశారు. నాలుగేళ్లు దాటాక ఇచ్చే నోటీసుకు అప్పట్లో అమల్లో ఉన్న 151 సెక్షన్ ప్రకారం కమిషనర్ గానీ అంతకు పై అధికారి గానీ అనుమతి ఇవ్వాల్సి ఉండేది. మా ఫైలులో ఉన్నది జాయింట్ కమిషనర్ సంతకం మాత్రమే. మా ఆడిటరు గారు ఆదాయపు పన్ను అప్పీళ్ల ట్రిబ్యునల్‌లో మొదటి అంశంగా దీన్నే వాదించి, అనుమతి పత్రం నకలును పేపర్ బుక్కులో (ట్రిబ్యునల్‌కు దాఖలు చేసే పత్రాల కట్టలో) జతచేశారు. ఉత్తర్వులో ఆ ఊసే లేదు. న్యాయ ప్రయోజనాల దృష్ట్యా తక్‌పట్టీలను (పత్తి కొన్నప్పుడు రాసే తూకం చీటీలను) మళ్లీ పరిశీలించాలంటూ కేసును మదింపు అధికారికి తిప్పి పంపారు. నోటీసే చెల్లదని మేము మొత్తుకుంటుంటే, దాని మీద నడిచిన మదింపునే మళ్లీ చేయమనడం న్యాయమేనా?

జవాబు (కర్నూలు, న్యాయవాది):

అయ్యా, మీ ఆవేదన న్యాయమైనదే. రిమాండ్ చేసే, అంటే కేసును వెనక్కి పంపే అధికారం ట్రిబ్యునల్‌కు 254(1) సెక్షన్ కిందా, 1963 నాటి ట్రిబ్యునల్ నియమాలలోని 28వ నియమం కిందా నిస్సందేహంగా ఉంది. అయితే ఉభయ పక్షాలు లేవనెత్తిన వాదనలన్నిటి మీదా, సాక్ష్యాన్నీ చట్టాన్నీ పరిశీలించి ట్రిబ్యునల్ తన నిర్ణయాన్ని నమోదు చేయాలని సుప్రీంకోర్టు ఉధవదాస్ కేవల్‌రామ్ కేసులో 1967లోనే చెప్పింది. లెక్కల్లో తేల్చవలసిన వాస్తవాలు మిగిలి ఉంటే వెనక్కి పంపడంలో తప్పు లేదు. కానీ అనుమతి ఎవరు ఇచ్చారన్నది మీ పేపర్ బుక్కులోని ఒక్క కాగితం చూస్తే తేలిపోయే సంగతి, పైగా అది తేలితే తక్‌పట్టీల దాకా వెళ్లే అవసరమే ఉండకపోవచ్చు. ఆ ప్రశ్నను వదిలేసి రిమాండ్ చేస్తే, చెల్లని నోటీసుకు కూడా శాఖ చేతిలో రెండో అవకాశం పెట్టినట్లవుతుంది.

జవాబు (కడప, చార్టర్డ్ అకౌంటెంట్):

పై వివరణతో ఏకీభవిస్తున్నాను. ఇక దారుల సంగతి. ఉత్తర్వు వెలువడిన నెలాఖరు నుంచి ఆరు నెలల లోపు 254(2) కింద సవరణ అర్జీ వేయవచ్చు. అందులో కేసు మొత్తాన్ని తిరగదోడకండి. సవరణ పేరుతో గుణదోషాల మీద మళ్లీ విచారణ జరపరాదని రిలయన్స్ టెలికాం కేసులో 2021లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఫలానా అంశాన్ని వాదించాము, ఫలానా పేజీలో పత్రం ఉంది, దానిపై నిర్ణయం లేదు, అన్నంత వరకే రాయండి. విచారణ నాడు ఆ అంశాన్ని నిజంగా వాదించినట్లు మీ ఆడిటరు గారి అఫిడవిట్ జతచేస్తే బలం చేకూరుతుంది. ఈ అర్జీ వేశాము కదా అని 260ఎ కింద హైకోర్టుకు వెళ్లే గడువు ఆగుతుందని నమ్ముకోవద్దు. ఉత్తర్వు చేతికందిన నాటి నుంచి 120 రోజులే గడువు.

జవాబు (అనంతపురం, పన్నుల సలహాదారు):

ఒక్క మాట చేరుస్తాను. ఈలోగా అధికారి నుంచి పిలుపు వస్తే గైర్హాజరు కావద్దు. అనుమతిపై అభ్యంతరాన్ని మొదటి జవాబులోనే రాతపూర్వకంగా నమోదు చేసి, ఆ హక్కును వదులుకోవడం లేదని పేర్కొంటూనే తక్‌పట్టీలు సమర్పించండి. పంట పండించిన రైతుకే నేరుగా నగదు చెల్లించినట్లు రుజువైతే ఆదాయపు పన్ను నియమాలలోని 6డిడి నియమం నగదు చెల్లింపులపై ఉన్న ఆంక్ష నుంచి మీకు మినహాయింపు ఇస్తుంది. కాబట్టి రైతు పేరు, ఊరు, తూకం ఉన్న పట్టీలను విడిగా తీసి పెట్టుకోండి.