కంప్యూటర్లకని ఇచ్చిన విరాళంతో జీతాలు ఇవ్వొచ్చా?

కొత్త కోశాధికారి:
మాది చిన్న స్వచ్ఛంద సంస్థ. బడి మానేసిన పిల్లలకు సాయంత్రం పాఠాలు చెబుతాం. కంప్యూటర్లు కొనమని ఒక దాత ఇచ్చిన డబ్బు బ్యాంకులో అలాగే ఉంది. ఇంకోవైపు గ్రాంటు ఆలస్యమై టీచర్ల జీతాలు ఆగిపోయాయి. "ముందు దీంట్లోంచి ఇచ్చేద్దాం, గ్రాంటు రాగానే తిరిగి పెట్టేద్దాం, ఆయనకెలా తెలుస్తుంది?" అంటున్నారు మా అధ్యక్షులు. చెక్కు మీద రెండో సంతకం నాది. పెట్టాలంటే టెన్షన్, పెట్టకపోతే టీచర్ల మొహం చూడలేను. ఏం చేయమంటారు?

పాత ఆడిటర్:
పెట్టకండి. అలాగని చేతులు కట్టుకుని కూర్చోకండి, జీతాలు ఆపడం కూడా అన్యాయమే. ఇవాళే దాతకు ఫోన్ చేసి, "మీ డబ్బు కదపలేదండీ, జీతాలకు ఇబ్బందిగా ఉంది, కొంత వాడుకోమంటారా?" అని అడగండి. సరేనంటే మెయిల్లో రాసి పంపమనండి. దాని ప్రింటు వోచరుకు జతచేయండి, కమిటీ మినిట్స్‌లోనూ (సమావేశం రికార్డులో) రాయించండి. వద్దంటే వద్దనే.

అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడతాం గానీ, 2004 డిసెంబరు సునామీ తర్వాత డాక్టర్స్ వితవుట్ బోర్డర్స్ అనే వైద్య సహాయ సంస్థ వాళ్లు కొద్ది రోజులకే "దీనికి ఇక చాలు, పంపకండి" అనేశారు. ఎక్కువ వచ్చినదాన్ని వేరేచోట వాడుకోవచ్చా అని దాతలనే అడిగితే చాలామంది ఒప్పుకున్నారు. 2001లో అమెరికన్ రెడ్‌క్రాస్ మరోలా చేసింది. సెప్టెంబరు 11 దాడుల తర్వాత వసూలైన లిబర్టీ ఫండ్‌లో కొంత భవిష్యత్ అవసరాలకు పక్కన పెట్టాలనుకుంది. ఎవరి జేబులోకీ పోయేది కాదు, అయినా జనం మండిపడ్డారు. చివరికి మొత్తం బాధితులకే అని ప్రకటించాల్సి వచ్చింది.

ఇక "తిరిగి పెట్టేద్దాం" అన్న మాట. ఆడిట్లలో విని విని చెవులు చిల్లులు పడ్డాయి. రాబోయే గ్రాంటుకూ షరతులుంటాయి కదండీ! దాంట్లోంచి కంప్యూటర్లు కొననిస్తారా? ఒప్పందం ఓసారి తీసి చదవండి.

ప్రాజెక్టులు చూసే మనిషి:
పై మాటే నాదీ. ఒకటి కలుపుతాను. ఏడాది బడ్జెట్ ఒక్కటే చాలదు, ఏ నెలలో ఎంత వస్తుంది, ఎంత పోతుంది అని నెలవారీగా వేసుకోండి. గ్రాంటు రెండు నెలలు ఆలస్యమవుతుందనే లెక్క వేయండి. కనీసం 3 నెలల ఖర్చు నిల్వ ఉండాలి. అది షరతుల్లేని చిన్న విరాళాల నుంచే కూడుతుంది. ప్రతిపాదన రాసేటప్పుడు అద్దె, అకౌంటెంటు ఖర్చు దాచకుండా చూపించండి. అందుకని గ్రాంటు ఇవ్వకపోతే పోయింది, అది మనది కాదు.

కొత్త కోశాధికారి:
ఫోన్ చేశాను. సగం జీతాలకు వాడుకోమన్నారు, మెయిల్ కూడా పంపారు. ఇప్పుడు ఇంకో చిక్కు. మిగతా సగంతో కంప్యూటర్లు తన బావమరిది దగ్గరే కొందామంటున్నారు అధ్యక్షులు. తక్కువకే ఇస్తాడట.

పాత ఆడిటర్:
తక్కువకే ఇస్తాడేమో. బంధుత్వం సంగతి కమిటీకి రాతపూర్వకంగా చెప్పమనండి. ఇంకో ఇద్దరి దగ్గర కొటేషన్లు మీరే తెప్పించండి, ఆయన ద్వారా వద్దు. నిర్ణయం తీసుకునేటప్పుడు ఆయన గదిలో ఉండకూడదు. నిజంగా తక్కువైతే బావమరిది దగ్గరే కొనండి. ఆయన బయటికి వెళ్లిన సంగతి మాత్రం మినిట్స్‌లో ఉండాలి.