డేట్ (నెలసరి) వచ్చిన రోజు పదకొండు గంటలు నిలబడటం ఎలా?

చీరల కౌంటర్:
నమస్కారం అందరికీ. నాకు 24. విజయవాడలో ఒక చీరల షాపులో సేల్స్‌లో ఉన్నాను. పొద్దున 10కి కౌంటర్ ఎక్కితే రాత్రి 9 దాకా నిలబడే ఉండాలి. భోజనానికి అరగంట.

నా బాధ నెలకి ఒకటిన్నర రోజే, కానీ ఆ ఒకటిన్నర రోజు నరకం. పొద్దున నడుము లాగడంతో మొదలవుతుంది. పన్నెండయ్యేసరికి పొత్తికడుపులో తడిబట్ట పిండినట్టు మెలిపెడుతుంది, తొడలు గుంజుతాయి, చల్లచెమటలు. పోయిన నెల ఒకావిడకి పట్టుచీర కొంగు విప్పి చూపిస్తూ కౌంటర్ అంచు పట్టుకుని అలాగే ఉండిపోయాను. "ఏమ్మా, రేటు మర్చిపోయావా?" అందావిడ. ఆవిడ వెళ్లాక వాష్‌రూమ్‌లో వాంతి.

నెట్‌లో చూస్తే అందరూ ఒకటే పాట. రెస్ట్ తీసుకోండి, వేడినీళ్ల బ్యాగు పెట్టుకుని పడుకోండి. ఎక్కడ పడుకోను, చీరల అరలోనా?

నా అలవాట్లు కూడా దాచకుండా చెప్తాను. పొద్దున టీ తాగి పరిగెడతాను, టిఫిన్ ఉండదు. వాష్‌రూమ్ మూడో అంతస్తులో, మా కౌంటర్ ఏమో కింది అంతస్తులో. అందుకే నీళ్లు తక్కువ తాగుతాను. నొప్పి ఇక తట్టుకోలేనప్పుడు మెడికల్ షాపు బిళ్ల ఒకటి వేసుకుంటాను, దాంతో గుండెల్లో మంట. అమ్మ మాత్రం "ఒక కాన్పయితే అదే పోతుంది" అంటుంది. దానికి ముందు పెళ్లి కావాలి కదా! ఉద్యోగం మానకుండా నేను మార్చుకోగలిగినవి ఏమున్నాయి?

నైట్ డ్యూటీ నర్సు:
చెల్లీ, ముందు ఆ ఖాళీ కడుపు సంగతి చూడు. రెండు ఇడ్లీ అయినా తిను, లేదంటే పెరుగన్నం డబ్బాలో తెచ్చుకో. నీ గుండెల్లో మంటకి చాలావరకు కారణం అదే.

నొప్పి ఎలా వస్తుందో తెలిస్తే మిగతాది సులువు. గర్భసంచి లోపలి పొర ఊడేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పుడతాయి. అవి గర్భసంచి కండరాన్ని బిగిస్తాయి. బిగుసుకున్నప్పుడు దానికి రక్తం సరిగా అందదు, అదే నీ మెలి. వాంతులు, విరేచనాలు కూడా వాటి పుణ్యమే. బిళ్ల ఆ రసాయనాల తయారీనే తగ్గిస్తుంది. నువ్వేమో అవన్నీ తయారై, నొప్పి ముదిరాక వేసుకుంటున్నావు. అందుకే సగం పనే చేస్తోంది. నడుము లాగడం మొదలవగానే, తిన్న తర్వాత వేసుకోవాలి.

అయితే స్ట్రిప్ వెనక ఏముందో చదువు. మన దగ్గర ఎక్కువగా ఇచ్చేది మెఫెనమిక్ యాసిడ్ కలిసినది. అల్సర్, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉంటే డాక్టర్‌ని అడక్కుండా వద్దు. వేసుకున్న కొన్నాళ్లకి ఒంటి మీద దద్దుర్లు, జ్వరం వస్తే వెంటనే ఆపి డాక్టర్‌కి చూపించుకోవాలి. ఈ మందు గురించి 2023లో, మందుల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరిక కూడా ఇచ్చింది.

కాపడం పడుకునే పెట్టుకోవాలని లేదు. అతికించుకునే హీట్ ప్యాచ్‌లు మెడికల్ షాపుల్లో దొరుకుతాయి. బట్ట మీద అతికించు, చర్మానికి తగలనివ్వకు. చాలామందికి వేడి కూడా బిళ్లంత పనిచేస్తుంది.

ఇంకోటి అడగాలి. నొప్పి ఏటేటా పెరుగుతోందా? డేట్ లేని రోజుల్లో కూడా వస్తోందా? మోషన్‌కి వెళ్లేటప్పుడు పొడుస్తోందా? గంటకో, రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతోందా? వీటిలో ఒక్కటి ఉన్నా ఇంటి చిట్కాలతో సరిపెట్టకు, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం) లాంటివి ఉన్నాయేమో చూడాలి. అవేవీ లేకపోయినా, వాంతి అయ్యేంత నొప్పి కాబట్టి ఒకసారి గైనకాలజిస్ట్‌కి చూపించుకో.

తెనాలి పిన్ని:
అమ్మాయీ, మా అమ్మ మాకు శొంఠి కాఫీ ఇచ్చేది. శొంఠి, ధనియాలు దంచి మరిగించి, దింపాక బెల్లం వేసేది. డేట్ రావడానికి రెండు రోజుల ముందు నుంచి పూటకో గ్లాసు. చిమ్మిలి కూడా తిను, నువ్వులూ బెల్లమూ ఒంటికి బలం. ఆ రోజుల్లో పెరుగు మాత్రం మానెయ్, తలస్నానం అసలొద్దు.

నైట్ డ్యూటీ నర్సు:
పిన్నిగారూ, శొంఠికి నా ఓటు. అల్లం జాతితో కొంతమందికి నిజంగానే నొప్పి తగ్గుతుంది. చిమ్మిలి తినడానికి బాగుంటుంది, నొప్పికి మందని మాత్రం చెప్పలేను. పెరుగు, తలస్నానం సంగతి దయచేసి వదిలేయండి. వేడినీళ్ల స్నానం చేస్తే హాయిగానే ఉంటుంది.

హనుమకొండ అక్క:
నేను నాలుగేళ్లు బిల్లింగ్ కౌంటర్‌లో నిలబడ్డాను, నీ పిక్కల నొప్పి కూడా నాకు తెలుసు. నాకు పనికొచ్చింది నడక. జిమ్ గిమ్ ఏమీ లేదు. రాత్రి బస్సు రెండు స్టాపుల ముందే దిగి ఇంటికి చకచకా నడిచేదాన్ని. మొదటి నెల ఏ తేడా లేదు, తిట్టుకున్నాను. మూడో నెలకి మధ్యాహ్నం బిళ్ల అవసరం పడలేదు. డేట్ లేని రోజుల్లో నడవడమే ముఖ్యం, నొప్పి వచ్చిన రోజు ఎలాగూ కాళ్లాడవు.

నొప్పి రోజు చేసింది ఒకటుంది. భోజనం అరగంటలో పది నిమిషాలు స్టాక్ రూమ్‌లో అట్టపెట్టె పరుచుకుని, మోకాళ్ల మీద కూర్చుని, నుదురు నేలకి ఆనించి ఉండేదాన్ని. తినకముందు చెయ్యి. తిన్నాక చేస్తే నాలాగే ఇబ్బంది పడతావు.

స్టూల్ అడుగు. సిగ్గేం లేదు. షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే వీలుండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం చేశాయి. వాళ్లు అడిగారు కాబట్టే వచ్చింది.

రాజా77:
మా ఇంట్లో ఆడవాళ్లు ఇన్ని చెప్పలేదే. కాలం మారింది.

హనుమకొండ అక్క:
చెప్పలేదా, మీరు వినలేదా రాజాగారూ?

చీరల కౌంటర్:
రెండున్నర నెలలైంది, చెప్పి వెళ్దామని వచ్చాను.

ముందు డాక్టర్ సంగతి. వెళ్లాను. నర్సక్క అడిగినవేవీ నాకు లేవు, స్కాన్‌లో కూడా ఏమీ కనపడలేదు. స్కాన్ బాగుందని అన్నీ బాగున్నట్టు కాదు, నొప్పి పెరిగితే మళ్లీ రావాలి అన్నారు.

నడక వారానికి నాలుగు రోజులు కుదురుతోంది, అక్కలా రోజూ మాత్రం కాదు. ఏడు గంటలకి టిఫిన్ తింటున్నాను. అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది అదీ, బిళ్ల ముందే వేసుకోవడమూ. గుండెల్లో మంట పోయింది. శొంఠి కాఫీ ఫ్లాస్కులో తెచ్చుకుంటే కౌంటర్‌లో అందరూ తాగేస్తున్నారు పిన్నిగారూ. ప్యాచ్ మాత్రం ఒకటే వాడాను, ధర చూసి ఆగిపోయాను. వేడినీళ్ల సీసాకి పాత చున్నీ చుట్టి, బిల్లులు లేనప్పుడు పొట్టకి ఆనించుకుంటున్నాను.

నొప్పి పోలేదు. మొన్న పన్నెండింటికి వచ్చింది, కానీ కౌంటర్ అంచు పట్టుకునేంత రాలేదు.

స్టూల్ అడిగాను. ఇన్‌ఛార్జ్ సార్ "కస్టమర్లు చూస్తే ఏమనుకుంటారు" అన్నారు. మర్నాడు ఫాల్స్ కుట్టే అమ్మాయి తన ముక్కాలిపీట మా కౌంటర్ కిందకి తోసింది. ఇప్పుడు దాని మీద నలుగురం వంతులు వేసుకున్నాం, ఎవరి డేట్ అయితే వాళ్లకి ముందు. ఈ నెల ఇద్దరివి ఒకే రోజు పడ్డాయి. ఇంకో పీట ఎక్కడ దొరుకుతుందో చూడాలి.