దోసెల పిండి కడిగాక సింకు పూర్తిగా మూసుకుపోయింది, ఏం చేయాలి?

సందేహం:

అందరికీ నమస్తే. మాది కూకట్‌పల్లిలో అద్దె ఫ్లాటు, రెండో అంతస్తు. వంటింటి సింకులో నీళ్లు కొన్నాళ్లుగా నెమ్మదిగా దిగుతున్నాయి. నిన్న పొద్దున్న దోసెల పిండి గిన్నెలు కడిగాక పూర్తిగా ఆగిపోయాయి. మగ్గుతో తోడి బకెట్లో పోస్తున్నాను. ఓనరుగారేమో డ్రెయిన్ క్లీనర్ పౌడర్ వేయమంటున్నారు, వీడియోల్లో వంటసోడా, వెనిగర్ పోయమంటున్నారు. చిన్నపిల్లాడున్న ఇల్లు, పౌడర్ అంటే టెన్షన్‌గా ఉంది. ఇంకా ఏమీ వేయలేదు. ప్లంబర్ ఆదివారం దాకా రానన్నాడు. సింకు కింద ముడతల ప్లాస్టిక్ పైపు ఉంది, అది నేరుగా గోడలోని పైపులోకి వెళ్తుంది. ఏం చేయమంటారు?

జవాబు:

అమ్మా, పౌడర్ వేయకుండా ఆగారు, చాలా మంచి పని చేశారు. అడ్డం ఎక్కడుందో, దేనితో పడిందో తెలిసేదాకా సింకులో ఏమీ పోయకండి.

ముందు ఒకటి చూడండి. బాత్రూంలో, వాష్‌బేసిన్‌లో నీళ్లు మామూలుగానే పోతున్నాయా? పోతుంటే అడ్డం మీ సింకు పైపులోనే ఉన్నట్టు. అలాకాకుండా మీరు కుళాయి కట్టేసి ఉన్నా సింకులోకి నీళ్లు ఎదురొస్తున్నాయంటే, పైవాళ్లు గిన్నెలు కడిగినప్పుడల్లా మీ సింకులో గుడగుడమంటోందంటే అది కామన్ లైన్, అంటే అన్ని ఫ్లాట్లకూ కలిపి ఉన్న మురుగు పైపు సమస్య. దానికి మీ ఇంట్లో ఏం చేసినా లాభం ఉండదు. అసోసియేషన్ వాళ్లకు చెప్పి కింద ఛాంబర్ (మురుగు పైపులు కలిసే మూత ఉన్న గుంట) తెరిపించాలి.

మీరు చెప్పినదాన్నిబట్టి ముడతల పైపు మీదే నా అనుమానం. నున్నటి పైపులో జారిపోయే జిడ్డు ఈ ముడతల్లో నిలిచిపోతుంది. దాని మీద టీ పొడి, పప్పు, పిండి పేరుకుంటాయి. అది విప్పడం మీరే చేసుకోగలిగిన పని, భయం లేదు.

సింకులో నీళ్లన్నీ తోడేసి, కింద వెడల్పాటి బకెట్ పెట్టండి. పైపు సింకుకు తగిలే చోట ప్లాస్టిక్ నట్టు ఉంటుంది. కింద నుంచి పైకి చూస్తూ గడియారం ముల్లు తిరిగే దిక్కుకు ఎదురుగా చేత్తోనే తిప్పండి. బిగుసుకుపోతే రబ్బరు గ్లవుజు వేసుకుంటే పట్టు దొరుకుతుంది. పటకారుతో గట్టిగా పట్టకండి, నట్టు పగులుతుంది. నట్టు లోపలి రబ్బరు వాషర్ పడిపోకుండా తీసి పక్కన పెట్టుకోండి. పైపు రెండో కొస గోడ పైపులోకి ఊరికే దూర్చి ఉంటుంది, లాగితే వచ్చేస్తుంది. వెంటనే గోడ పైపు నోట్లో పాతగుడ్డ కుక్కండి. వాసన రాదు, బొద్దింకలూ రావు.

పైపులోని మడ్డిని పాతపేపర్లో వేసి చెత్తబుట్టలో పడేయండి. దాన్ని బాత్రూంలో కడిగితే అడ్డం అక్కడికి మారుతుంది, అంతే. తర్వాత డిష్‌వాష్ లిక్విడ్, గోరువెచ్చని నీళ్లు, సీసాలు కడిగే పొడుగు బ్రష్‌తో శుభ్రం చేయండి. పైపు పాతబడి పెళుసుగా ఉంటే కొత్తది కొనేయండి. హార్డ్‌వేర్ షాపుకు పాతది తీసుకెళ్లి అదే సైజు అడగండి.

పైపు శుభ్రంగానే ఉందంటే అడ్డం గోడలో ఉన్నట్టు. గుడ్డ తీసి, స్ప్రింగు తీగ (పైపుల్లో అడ్డం తీయడానికి వాడే, వంగే పొడవాటి తీగ) నెమ్మదిగా తిప్పుతూ లోపలికి పంపండి. తగిలిన చోట బలవంతంగా పొడవకుండా తిప్పుతూనే ఉండండి.

మళ్లీ బిగించాక సింకు సగం నింపి ఒక్కసారిగా వదలండి. జాయింట్ల చుట్టూ పొడి టిష్యూతో తుడిచి చూడండి. కంటికి కనిపించని చెమ్మ కూడా టిష్యూ మీద తెలుస్తుంది.

ఇంకొకరి జవాబు:

పైన అన్నగారు చెప్పినదంతా సరైనదే. పౌడర్ గురించి నేను కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇళ్లలో దీన్ని సబ్బుపొడితో సమానంగా చూస్తారు.

ఈ పౌడర్లలో ఎక్కువగా ఉండేది కాస్టిక్ సోడా. నీళ్లు తగలగానే బాగా వేడెక్కి కొవ్వును సబ్బుగా మారుస్తుంది. అందుకే జిడ్డు మీద కొంత పనిచేస్తుంది. టీ పొడి, కొబ్బరి పీచు లాంటివాటిని అది కదిలించలేదు. మూసుకుపోయిన పైపులో వేస్తే అడుగున గట్టిగా రాయిలా బిగుసుకునే ప్రమాదం కూడా ఉంది. ఆ తర్వాత ప్లంబర్ పైపు విప్పితే ఆ నీళ్లు అతని చేతుల మీద, కళ్లలో పడతాయి. ఎవరైనా ఇప్పటికే వేసి ఉంటే దయచేసి ప్లంబర్‌కు ముందే చెప్పండి. ఒంటి మీద పడితే కుళాయి కింద కనీసం 20 నిమిషాలు కడగాలి. కంట్లో పడితే అలాగే కడుగుతూ ఆసుపత్రికి వెళ్లాలి.

పౌడర్ పనిచేయలేదని టాయిలెట్ క్లీనర్ పోయడం ఇంకా ప్రమాదం. అందులో యాసిడ్ ఉంటుంది, రెండూ కలిస్తే పొంగి మీదికి చిమ్ముతుంది. బ్లీచింగ్ పౌడర్‌తో యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన వంటింట్లో ప్రాణం మీదికి వస్తుంది.

వంటసోడా, వెనిగర్ వల్ల హాని లేదు, ఉపయోగమూ పెద్దగా లేదు. ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం. బుసబుసమని పొంగాక మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. ఆ బుడగలు పైకి పోతాయి, అడ్డాన్ని కిందికి తోయవు.

మళ్లీ సందేహం:

ఇద్దరికీ చాలా థాంక్స్. బాత్రూంలో నీళ్లు బాగానే పోతున్నాయి. అమ్మ ఫోన్‌లో మరిగే నీళ్లు పోసి చూడమంటోంది, పోయనా? ప్లంజర్ కూడా ఉంది.

జవాబు:

మీ విషయంలో మరిగే నీళ్లు అసలు వద్దమ్మా. మీ పైపులో ఉన్నది దోసెల పిండి. పిండిలో వేడినీళ్లు పోస్తే ఉడుకుతుంది. పోస్టర్లు అంటించే మైదా జిగురు ఎలా తయారవుతుందో పైపులో అదే జరుగుతుంది. పైగా పీవీసీ పైపు సుమారు 60 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది, జాయింట్లు వదులవుతాయి. నెయ్యి, డాల్డా జిడ్డుకైతే చెయ్యి పట్టేంత వేడి నీళ్లు, డిష్‌వాష్ లిక్విడ్ మంచివే.

ప్లంజర్ మీ పైపుకు నప్పదు. గట్టిగా నొక్కితే గోడలో దూర్చిన కొస ఊడి క్యాబినెట్ అంతా మురుగవుతుంది. గట్టి పైపు బిగించి ఉన్నవాళ్లు వాడొచ్చు. రబ్బరు కప్పు మునిగేంత నీళ్లుంచి, సింకుకు ఓవర్‌ఫ్లో రంధ్రం ఉంటే తడిగుడ్డతో మూసి నొక్కాలి.

అడిగినవారు:

విప్పేశాను! ముడతల నిండా తెల్లటి మడ్డి, మధ్యలో కొబ్బరి పీచు, స్టీలు స్క్రబ్బర్ తీగలు. కడిగి బిగించాక నీళ్లు సర్రున పోతున్నాయి. కానీ సింకులోంచి మురుగు వాసన వస్తోంది. మళ్లీ ఇలా కాకుండా ఏం చేయాలో కూడా చెప్పండి.

జవాబు:

చాలా సంతోషం. వాసనకు కారణం పైపు నేరుగా ఉండటం. దాన్ని కింద యు ఆకారంలో వంచి, ప్లాస్టిక్ టైతో కట్టండి. ఆ వంపులో ఎప్పుడూ కనీసం 5 సెంటీమీటర్ల లోతు నీళ్లు నిలవాలి. వాసననూ పురుగులనూ ఆపేది ఆ నీళ్లే. గోడ పైపు నోటి దగ్గర సందుంటే రబ్బరు రింగు పెట్టించండి. ఓనరుగారు ఒప్పుకుంటే నున్నటి గట్టి పైపు, బాటిల్ ట్రాప్ (సింకు కింద బిగించే, లోపల నీళ్లు నిలిచే సీసాలాంటి డబ్బా) వేయించమనండి. దాని అడుగు మూత విప్పితే మడ్డి వచ్చేస్తుంది, మొత్తం పైపు తీయక్కర్లేదు.

ఇక అలవాట్లు. పిండి గిన్నెను ముందు చేత్తో గీకేసి, చల్లనీళ్లతో కడగండి. ఇడ్లీ రేకులదీ అంతే. చిక్కటి గంజి సింకులో వంపకండి. నెయ్యి గిన్నె, బాండీ పాతపేపర్‌తో తుడిచాకే తోమండి. పండగకు అరిసెలు, గారెలు వండాక మిగిలిన నూనె చల్లారాక సీసాలో పోసి చెత్తలో వేయండి. టీ పొడి మొక్కలకు వేసుకోవచ్చు, పాలూ చక్కెరా కడిగేసి వేస్తే చీమలు పట్టవు. సన్నరంధ్రాల స్టీలు జాలీ తప్పనిసరిగా పెట్టండి, నిండిందని దాన్ని ఎత్తి వదిలేయకూడదు. పనిమనిషి ఉంటే ఆమెకూ నెమ్మదిగా చెప్పండి, జాలీ చెత్తలో దులిపేది ఎక్కువగా ఆమే కదా.

మీది బోరునీళ్లయితే ఇంకాస్త జాగ్రత్త కావాలి. అందులోని కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి పెచ్చులా పైపుకు అంటుకుంటుంది. నీళ్లు దిగడం నెమ్మదించిందని గమనించిన రోజే పైపు విప్పి కడిగేయండి, పూర్తిగా ఆగేదాకా చూడొద్దు.