గిరాకీ దగ్గర వసూలే చేయని సేల్స్ టాక్స్‌ని చిన్న వ్యాపారి జేబులోంచి లాగడం న్యాయమేనా? (టెక్సస్ హిస్పానిక్ వ్యాపారుల సంగతి)

ఇర్వింగ్_పద్దులు:
డాలస్ పక్కన ఇర్వింగ్‌లో చిన్న వ్యాపారాలకు పద్దులు రాస్తుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో మనవాళ్లకంటే మెక్సికో, ఎల్ సాల్వడార్ నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. గడ్డి కోసేవాళ్లు, రాత్రిళ్లు ఆఫీసులు శుభ్రం చేసేవాళ్లు, ట్రక్కులో టాకోలు అమ్మేవాళ్లు.

ఈ మధ్య లాన్ పని చేసే ఒకాయన రాష్ట్ర కంప్ట్రోలర్ ఆఫీసు (రాష్ట్ర పన్నులు వసూలు చేసే శాఖ) నుంచి పాత సేల్స్ టాక్స్ కట్టమని వచ్చిన కవరు పట్టుకొచ్చారు. ఆయన రసీదు పుస్తకం కార్బన్ కాపీలన్నీ తిరగేశాను. ప్రతి కాగితం మీదా "45 డాలర్లు, నగదు" అని రాసి సంతకం ఉంది. కింద టాక్స్ అని అచ్చు వేసిన గడి ప్రతిచోటా ఖాళీ. ఐటిన్ నంబరు (సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివాళ్లకి పన్ను కట్టడానికి ఇచ్చేది) మీద ఇన్‌కం టాక్స్ ఏటా కడుతున్న మనిషి. "టాక్స్ కట్టాను కదా, ఇంకేం టాక్స్?" అని అడుగుతున్నారు.

టెక్సస్‌లో లాన్ పని మీద సేల్స్ టాక్స్ ఉంది. రాష్ట్రానికి 6.25 శాతం, దాని మీద ఊరూ కౌంటీ కలిసి 2 శాతం దాకా వేసుకోవచ్చు. మా వైపు చాలా ఊళ్లలో మొత్తం 8.25. ఏడాదికి 60,000 డాలర్ల పని చేస్తే టాక్స్ 4,950. నాలుగేళ్లకు 19,800, దాని మీద 10 శాతం జరిమానా, ఆపైన వడ్డీ. ఇదంతా ఆయన గిరాకీల నుంచి తీసుకోని డబ్బు. వసూలు చేసి దాచుకున్నవాడిదీ ఇలాంటి మనిషిదీ ఒకే తప్పు ఎలా అవుతుంది? వసూలే చేయనివాడికి జరిమానా తీసేసి, అసలు కట్టడానికి వాయిదాలు ఇవ్వాలని నా వాదన. మీరేమంటారు?

ప్లేనో_కొట్టు_సాంబయ్య:
నేను ఒప్పుకోను అన్నా. సేల్స్ టాక్స్ వసూలు చేయడానికి తీసుకునే పర్మిట్‌కి ఫీజు లేదు. కంప్ట్రోలర్ సైట్‌లోనే అప్లై చేసుకోవచ్చు. నేను కిరాణా పెట్టిన మొదటి రోజు నుంచి లెక్క రాస్తున్నాను. ప్రతి నెలా 20వ తేదీ లోపల రిటర్న్ వేస్తాను. చట్టప్రకారం నడిచే లాన్‌వాడు 45 డాలర్ల పనికి 48.71 అడగాలి. పక్కవాడు 45కే చేస్తాడు. గిరాకీ ఎవరి దగ్గరికి పోతాడు? మీరు జాలిపడుతున్న మనిషి నాలుగేళ్లు ఇంకో హిస్పానిక్ వ్యాపారి పొట్ట కొట్టినట్టే కదా. ఆ రెండోవాడూ మెక్సికో నుంచే వచ్చి ఉంటాడు, వాడి గురించి ఎవరూ రాయరు.

ఇంకోటి. టెక్సస్‌లో రాష్ట్ర ఇన్‌కం టాక్స్ లేదు. రాష్ట్రం వసూలు చేసే పన్నుల్లో సగానికి పైగా సేల్స్ టాక్సే. దాన్ని వదులుకుంటూ పోతే స్కూళ్లకి డబ్బు ఎక్కడ నుంచి వస్తుంది?

ఇర్వింగ్_పద్దులు:
సాంబయ్య గారూ, పోటీ గురించి మీరన్నది నిజం. అందుకే అసలు బాకీని మాఫీ చేయమని అడగడం లేదు, జరిమానా సంగతే అంటున్నాను.

"తెలుసుకోవాలి కదా" అనడం తేలిక. ఆయనకు ఎవరి ద్వారా తెలుస్తుందో చూడండి. మెక్సికోలో ఐవీఏ అనే పన్ను 16 శాతం, సరిహద్దు ప్రాంతంలో 2019 నుంచి 8 శాతం. కానీ బోర్డు మీద రాసిన ధరలోనే అది కలిసి ఉంటుంది. మనకు ఎమ్మార్పీలో జీఎస్టీ కలిసి ఉన్నట్టే. ఇక్కడికొచ్చాక ఈ పని నేర్పింది లాస్ ఏంజెలెస్‌లో ఉన్న బావమరిది. కాలిఫోర్నియాలో గడ్డి కోసినందుకు తీసుకునే కూలి మీద సేల్స్ టాక్స్ లేదు, అక్కడ మామూలుగా సేవల జోలికి రారు. ఆ బావమరిది చెప్పింది అక్కడికి నిజమే. అదే పని, అదే మెషీను, రాష్ట్రం మారితే చట్టం మారిపోయింది.

లాన్ ఒక్కటే కాదు. ఇళ్లకు రిపేర్లు చేసే మేస్త్రీకి కాంట్రాక్టులో కూలీ, సామాను విడివిడిగా రాస్తే కూలీ మీద టాక్స్ లేదు. అదే మేస్త్రీ వీధి చివర డెంటల్ ఆఫీసులో అదే గోడకు అదే రిపేరు చేస్తే కూలీ మీద కూడా టాక్స్ పడుతుంది. ఇల్లయితే ఒకటి, కమర్షియల్ అయితే ఇంకొకటి. పర్మిట్ తీసుకుని నిజాయితీగా కట్టేవాళ్లు కూడా ఇక్కడ పొరపాటు పడి దొరికిపోతుంటారు.

బే_ఏరియా_ఝాన్సీ:
కాలిఫోర్నియా నుంచి రాస్తున్నాను. సేవల సంగతి మీరన్నట్టే గానీ, వేడిగా అమ్మే తిండి మీద ఇక్కడా టాక్స్ ఉంది. 2018లో ఎస్‌బీ 946 చట్టం వచ్చాక ఫుట్‌పాత్ మీద అమ్ముకోవడం నేరం కాకుండా పోయింది. దాంతో "ఇక ఏ కాగితమూ అక్కర్లేదు" అనుకున్నవాళ్లను చాలామందిని చూశాను. సెల్లర్స్ పర్మిట్ మాత్రం తీసుకోవాల్సిందే, దానికీ ఫీజు లేదు.

నా దృష్టిలో జరిమానా కంటే ముందు మాట్లాడాల్సింది పరిమితి గురించి. మన దగ్గర సరుకులు అమ్మేవాళ్లకి ఆంధ్రలో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షల టర్నోవర్ దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్. ఇక్కడ రాష్ట్రంలోనే ఉండి అమ్మేవాళ్లకి అలాంటి గీత లేదు, మొదటి అమ్మకం నుంచే లెక్క. చిత్రమేమిటంటే 2018లో అమెరికా సుప్రీంకోర్టు వేఫేర్ కేసులో, బయటి రాష్ట్రపు కంపెనీల చేత కూడా సేల్స్ టాక్స్ వసూలు చేయించొచ్చని తీర్పు ఇచ్చాక బయటి రాష్ట్రం నుంచి ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీకి టెక్సస్ 5 లక్షల డాలర్ల దాకా మినహాయింపు ఇచ్చింది. వీధిలో తోపుడుబండి పెట్టుకున్న ఆమెకు మాత్రం ఏమీ లేదు. నాకు ఇది ఎప్పటికీ మింగుడుపడదు.

ఇర్వింగ్_పద్దులు:
ఝాన్సీ గారూ, టెక్సస్‌లో చిన్న గీత ఒకటి ఉంది. సొంతంగా లాన్ పని చేసుకునేవాళ్లకి, పనివాళ్లు లేకపోతే, గడిచిన నాలుగు క్వార్టర్ల రాబడి 5,000 డాలర్లు మించకపోతే టాక్స్ లేదు. సెలవుల్లో పక్కింటి గడ్డి కోసే కుర్రాడికి సరిపోతుంది, సంసారం నడిపేవాడికి చాలదు. దాన్ని పెంచి మిగతా పనులకూ వర్తింపజేస్తే ఈ గొడవలో సగం తీరుతుంది.

సీపీఏ_హ్యూస్టన్:
రెండు విషయాలు కలిపేస్తున్నారు. గిరాకీ దగ్గర టాక్స్ పేరుతో తీసుకున్న డబ్బు రాష్ట్రం సొమ్ము, వ్యాపారి దాన్ని కాపలా కాస్తున్నాడంతే. అది వాడేసుకుంటే కంపెనీ మూసేసినా వదలరు, క్రిమినల్ కేసు కూడా పెట్టొచ్చు. వసూలు చేయనిది వేరు. చట్టం కూడా ఆ తేడా కొంత చూస్తుంది. ఆఫీసు నుంచి పిలుపు రాకముందే స్వయంగా ముందుకొస్తే వాలంటరీ డిస్‌క్లోజర్ కింద నాలుగేళ్లకు మించి వెనక్కి వెళ్లరు, జరిమానా తీసేస్తారు. అసలు రిటర్నే వేయనివాడి విషయంలో మామూలుగా ఎన్నేళ్లు వెనక్కైనా వెళ్లొచ్చు, గుర్తుంచుకోండి. మీ లాన్ ఆయనకు కవరు వచ్చేసింది కాబట్టి ఆ దారి మూసుకుపోయినట్టే. జరిమానా తగ్గించమని కారణాలతో విడిగా రాసుకోవచ్చు.

ప్లేనో_కొట్టు_సాంబయ్య:
అదే నేనూ అనేది. దారి ఉంది, వచ్చి అడగాలి.

ఇర్వింగ్_పద్దులు:
ఆ దారి ఉందని తెలిసినవాడికి అసలు చట్టమే తెలిసి ఉంటుంది, సాంబయ్య గారూ. లాయరు పెట్టుకున్న కంపెనీలు ఆ తలుపు తట్టి బయటపడతాయి. కవరు విప్పాకే సేల్స్ టాక్స్ అనే మాట వినేవాడికి ఆ తలుపు కనిపించదు. స్పానిష్‌లో సమాచారం పెట్టాం అంటారు. పెట్టారు, మంచిదే. కానీ ఏం వెతకాలో తెలిసినవాడికి కదా వెబ్‌సైటు. సిటీలో వ్యాపారం పేరు రిజిస్టర్ చేసేటప్పుడో, మొదటిసారి లాన్ మెషీను కొనేటప్పుడో ఒక కాగితం చేతిలో పెట్టి, "నీ పనికి టాక్స్ ఉంది, పర్మిట్ ఉచితం" అని చెప్తే ఎంత ఖర్చు? ఆ మాత్రం చేయని రాష్ట్రానికి మొదటి నోటీసులోనే జరిమానా వేసే హక్కు లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇంకో చిన్న మాట. ఆయన ఆ 45ని టాక్స్ కలిపిన ధర అని రాసి ఉంటే చట్టం ఒప్పుకుంటుంది. అప్పుడు పని విలువ 41.57, టాక్స్ 3.43. రసీదులో ఒక్క ముక్క లేనందుకు మొత్తం 45 మీద 3.71 పైన కట్టాలి.

గార్లండ్_లక్ష్మి:
మా ఇంట్లో అద్దెకుంటున్న ఆవిడ వారాంతాల్లో టైర్ల షాపు ముందు వేడి టమాలెస్ (మొక్కజొన్న పిండితో ఆవిరి మీద వండే మెక్సికన్ తిండి), కోక్ డబ్బాలు అమ్ముతుంది. పొద్దున పూట పక్క బేకరీ నుంచి తెచ్చిన కొంచాలు కూడా పెడుతుంది, అవి తీపి బన్నులు. ఈ చర్చ చదివి నాకే టెన్షన్ పట్టుకుంది. ఆవిడకు ఏం చెప్పమంటారు?

ఇర్వింగ్_పద్దులు:
లక్ష్మి గారూ, కవరు రాకముందే అడిగారు, సంతోషం. వేడి టమాలెస్‌కి, కోక్‌కి టాక్స్ ఉంది. కొంచాలు ప్లేటు, ఫోర్కు లేకుండా సంచిలో వేసి ఇస్తే లేదు. పర్మిట్ వచ్చాక కోక్ కొనే హోల్‌సేల్ స్టోర్‌లో రీసేల్ సర్టిఫికెట్ (తిరిగి అమ్మడానికే కొంటున్నానని రాసిచ్చే కాగితం) ఇమ్మనండి, లేకపోతే ఆవిడ కొన్నప్పుడు ఒకసారి, అమ్మినప్పుడు ఇంకోసారి టాక్స్ పడుతుంది. ఇంట్లో తాగడానికి కొనే డబ్బాలకు మాత్రం ఆ సర్టిఫికెట్ వాడకూడదు. ఒక క్వార్టర్ అంతా వ్యాపారం లేకపోయినా సున్నా అని రిటర్న్ వేయాలి, లేటయితే ఒక్కో రిటర్న్‌కి 50 డాలర్లు. పాత బాకీ సంగతి తేలేదాకా పర్మిట్‌కి అప్లై చేయొద్దని చెప్పండి, పర్మిట్ తీసేసుకుంటే డిస్‌క్లోజర్ దారికి అడ్డు రావచ్చు. శనివారం నా దగ్గరికి పంపండి, పాత అమ్మకాలు గుర్తున్నంతవరకు ఒక నోటుబుక్కులో రాసుకుని రమ్మనండి. నాకు స్పానిష్ వచ్చు, ఫీజు అక్కర్లేదు.