ఊరి నుంచి తెచ్చుకున్న గేమింగ్ కంప్యూటర్‌కు డాలస్‌లో ముందు ఏది మార్చాలి?

ప్రశ్న (రిచర్డ్‌సన్ నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. ఎం.ఎస్. చదవడానికి గత నెల డాలస్ వచ్చి, రిచర్డ్‌సన్‌లో ముగ్గురు మిత్రులతో కలిసి ఉంటున్నాను. 2020లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాన్నగారు ఒక్కొక్క భాగమూ బేరమాడి కొనిపెట్టిన కంప్యూటర్‌ను వదిలి రావడానికి మనసొప్పక, క్యాబినెట్ ఇంట్లోనే ఉంచి, లోపలి భాగాలన్నీ బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్నాను. అందులో రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 8 జీబీ చొప్పున రెండు డీడీఆర్4 ర్యామ్‌లు, 4 జీబీ జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల పవర్ సప్లై ఉన్నాయి. ఇక్కడ ఒక సీనియర్ దగ్గర 144 హెర్ట్జ్ (సెకనుకు 144 చిత్రాలు చూపగల) మానిటర్ కొన్నాను. నేను ఎక్కువగా ఆడేవి కౌంటర్‌స్ట్రైక్ 2, సైబర్‌పంక్ 2077. రెండోది హైదరాబాద్‌లోనే నత్తనడకగా ఉండేది. పాతవన్నీ తీసేసి ఏఎమ్5 (ఏఎమ్‌డీ కొత్త తరం సాకెట్) బోర్డు, దానికి కావలసిన డీడీఆర్5 ర్యామ్‌తో కొత్తగా మొదలుపెట్టమని మిత్రులు అంటున్నారు. నా దగ్గర 600 డాలర్లకు మించి లేవు. వాటిని దేనిమీద పెట్టాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు (ప్లానో నుంచి)

నమస్కారమండీ. ఏదీ కొనకముందే, ఏదీ ప్లగ్గులో పెట్టకముందే, ఆ పవర్ సప్లై పక్కన అంటించిన స్టిక్కర్ చదవండి. ఏసీ ఇన్‌పుట్ అన్న వరుసలో 100-240 అని ఉంటే అది ఇక్కడ పనిచేస్తుంది. 200-240 అని గాని, ఒట్టి 230 అని గాని ఉంటే పనికిరాదు. మన దేశంలో గోడ ప్లగ్గుకు వచ్చేది 230 వోల్టులైతే ఇక్కడ వచ్చేది 120 మాత్రమే. పేరున్న కంపెనీలు కూడా మన మార్కెట్ కోసం తక్కువ ధరలో 230 వోల్టులకే పరిమితమైన సప్లైలు చేశాయి. తీగ చివర పిన్నులు మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోమని ఎవరైనా చెబితే వినకండి, ఆ బరువైన పెట్టెకు పెట్టే డబ్బుతో కొత్త సప్లైకి చాలా భాగం వచ్చేస్తుంది. ఏ స్టిక్కర్ ఉన్నా మీది అయిదేళ్ళ నాటిది, 450 వాట్లది. నన్నడిగితే మీ 600 డాలర్లలో మొదటి ఖర్చు 650 వాట్ల మంచి సప్లై మీదే పెట్టాలి. వాట్లు ఎక్కువ రాసి ఉన్నదల్లా మంచిది కాదు. ఎన్నేళ్ళ వారంటీ ఇస్తున్నారో చూడండి, ఏడేళ్ళో పదేళ్ళో ఇస్తున్నవాటిలో ఎంచుకోండి. భారతదేశంలో కొన్న భాగాలకు ఆ వారంటీ చాలాసార్లు ఇక్కడ చెల్లదు కాబట్టి, ఇక్కడ కొన్న సప్లై బిల్లు జాగ్రత్తగా దాచుకోండి.

ఆ తరువాత పాత కార్డుతోనే ఒక వారం ఆడండి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత ప్రోగ్రాముతో, ఆట నడుస్తుండగా గ్రాఫిక్స్ కార్డు ఎంత శాతం పనిచేస్తోందో తెర మూలన కనిపించేలా పెట్టుకోవచ్చు. అది 97, 98 దగ్గర నిలిచిపోతే కార్డే మిమ్మల్ని వెనక్కి లాగుతోందని అర్థం. 60, 70 దగ్గర ఊగుతూ ఫ్రేములు (సెకనుకు తెర మీదికి వచ్చే చిత్రాలు) తక్కువగా వస్తుంటే ప్రాసెసర్ అందుకోలేకపోతోందని అర్థం. సైబర్‌పంక్‌లో మొదటిదీ, కౌంటర్‌స్ట్రైక్‌లో కొంతవరకు రెండోదీ మీకు కనిపిస్తుందని నా అంచనా.

ఈ పరీక్షకు ముందు డబ్బు అక్కర్లేని మూడు సర్దుబాట్లు చేయండి. బోర్డులో నాలుగు స్లాట్లు ఉంటే ర్యామ్‌లు రెండూ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కిస్తే రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి. విప్పి బిగించేటప్పుడు చాలామంది పక్కపక్కన పెట్టేస్తారు, దానితో రెండు ఛానెళ్ళ వేగం పోతుంది. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే బోర్డు ప్రోగ్రాములో) ర్యామ్‌ను రాసిన వేగంతో నడిపే ఎక్స్ఎంపీ ఆన్ చేయకపోతే 3200 అని అమ్మిన ర్యామ్ 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తూనే ఉంటుంది. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 144 ఎంచుకోకపోతే మీ మానిటర్ 60 హెర్ట్జ్ దగ్గరే ఉండిపోవచ్చు.

ఇక కార్డు సంగతి. అసలు డబ్బు పెట్టవలసింది ఇక్కడే, అందరూ పొరబడేదీ ఇక్కడే. మీ బీ450 బోర్డులోని పీసీఐఈ, అంటే కార్డుకూ బోర్డుకూ మధ్య డేటా నడిచే దారి, మూడో తరానిది. ఆర్‌టీఎక్స్ 4060, 5060 వంటి కార్డులు ఆ దారిలోని పదహారు లేన్ల (వరుసల) బదులు ఎనిమిదే వాడుకుంటాయి. కొత్త బోర్డు మీద అది పెద్ద నష్టం కాదు. మీ బోర్డు మీద మాత్రం ఆ దారి సగానికి సగం ఇరుకవుతుంది. పైగా వాటి మెమొరీ 8 జీబీ. ఆటకు అది చాలనప్పుడు మిగిలిన టెక్స్చర్లు (ఆటలోని వస్తువుల పైపూత చిత్రాలు) సిస్టమ్ ర్యామ్‌లోకి పోయి ఆ ఇరుకు దారి గుండానే తిరిగి రావాలి కాబట్టి, ఫ్రేముల సగటు బాగున్నట్టు కనిపిస్తూనే మలుపు తిరిగినప్పుడల్లా ఆట ఆగి ఆగి నడుస్తుంది. అందుకే మీకు ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ సూచిస్తాను, అదీ 16 జీబీది మాత్రమే. దానికి పదహారు లేన్లు ఉన్నాయి, సుమారు 160 వాట్లే తీసుకుంటుంది. 2025 జూన్‌లో 349 డాలర్లకు విడుదలైంది. అదే పేరుతో 299 డాలర్లకు వచ్చిన 8 జీబీ కార్డు కూడా అల్మరాలో పక్కనే ఉంటుంది, పెట్టె మీద అంకె చూసి తీసుకోండి. ఇక్కడ రాసిన ధర మీద 8.25 శాతం అమ్మకం పన్ను పడుతుంది కనుక 349 కాస్తా దాదాపు 378 అవుతుంది. కొత్తగా వచ్చినవారు బిల్లు కౌంటర్ దగ్గర తడబడేది ఈ లెక్కతోనే.

మీ మిత్రుల సలహాతో నేను ఏకీభవించను. ఏఎమ్5కు వెళితే బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ ఒకేసారి కొనాలి. డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నెలల్లో డీడీఆర్5 ధరలు రెట్టింపును మించిపోయాయి. మీ మొత్తం అక్కడే హరించుకుపోయి, చివరకు పాత 1650 కార్డుతోనే ఆడవలసి వస్తుంది. నాన్నగారు కొనిపెట్టిన ఆ డీడీఆర్4 జత ఇప్పుడు నిజంగా విలువైనది, దానిని ఉంచుకోండి.

జవాబు (ఫ్రిస్కో నుంచి)

తమ్ముడూ, పై సలహాకు నేను రెండు మాటలు చేరుస్తాను. మీ ఎం.ఎస్. డేటా సైన్స్‌లోనో మెషీన్ లెర్నింగ్‌లోనో అయితే, ఇంట్లో క్యూడా (గ్రాఫిక్స్ కార్డు మీద లెక్కలు చేయించే ఎన్విడియా సాఫ్ట్‌వేర్) నడిచే ఎన్విడియా కార్డు ఉండడం అసైన్‌మెంట్ల వేళ ఎంతో ఉపయోగం. అప్పుడు 16 జీబీ ఆర్‌టీఎక్స్ 5060 టీఐ చూడండి. విడుదల ధర 429 డాలర్లు, పన్నుతో 464 దాటుతుంది. దానికీ ఎనిమిది లేన్లే గాని, మెమొరీ సరిపడా ఉంది కాబట్టి మీ బోర్డు మీద నష్టం తక్కువ. చదువు వేరే శాఖ అయితే ఆ తేడా డబ్బు మిగుల్చుకోండి.

రెండోది నేను నష్టపోయి తెలుసుకున్నది. మూడేళ్ళ క్రితం పవర్ సప్లై మార్చినప్పుడు, క్యాబినెట్ వెనక కట్టిన పాత తీగలను విప్పడం ఎందుకని, డిస్కుకు కరెంటు అందించే సాటా కేబుల్‌ను అలాగే ఉంచి దాని రెండో కొసను కొత్త సప్లైకి గుచ్చాను. అతుకులేమీ లేకుండా సరిగ్గా కూర్చుంది. స్విచ్ వేయగానే చిన్న చప్పుడు, కాలిన వాసన. మా పాప మొదటి రెండేళ్ళ ఫోటోలున్న డిస్కు పోయింది. సప్లై వైపు పిన్నుల అమరిక కంపెనీకి ఒక రకంగా, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌కు ఒక రకంగా ఉంటుంది. కొత్త సప్లైతో వచ్చిన తీగలే వాడండి, పాతవాటిలో ఒక్కటి కూడా ఉంచవద్దు.

ప్రశ్న అడిగినవారు

అన్నగారికీ అక్కగారికీ ధన్యవాదాలు. స్టిక్కర్ మీద 200-240 అనే ఉంది. నిన్న 650 వాట్ల సప్లై, ఒక క్యాబినెట్ తీసుకుని బిగించాను. ర్యామ్‌లు నిజంగానే పక్కపక్కన పెట్టి ఉన్నాను, మార్చాను. సైబర్‌పంక్‌లో కార్డు 99 శాతం దగ్గరే ఉంది. కౌంటర్‌స్ట్రైక్‌లో 75 దాటడం లేదు. నాది డేటా సైన్స్ కాదు, ఎంబెడెడ్ సిస్టమ్స్ కనుక 9060 ఎక్స్‌టీ తీసుకుంటాను. మిగిలినదానితో ప్రాసెసర్ కూడా ఇప్పుడే మార్చవచ్చా?

జవాబు (ప్లానో నుంచి)

కార్డు పెట్టి నెల రోజులు ఆడి చూడండి. అప్పటికీ కౌంటర్‌స్ట్రైక్ తృప్తిగా లేకపోతే, అదే బోర్డు మీద రైజెన్ 7 5700ఎక్స్3డీ పట్టుతుంది. మీ దానిలో 32 ఎంబీ ఉన్న ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమొరీ) దానిలో 96 ఎంబీ. ఇటువంటి ఆటలకు కావలసింది అదే. కొత్తది దొరకడం ఇప్పుడు కష్టం కాబట్టి, ఎవరైనా అమ్మితే వారి ఇంట్లో నడుస్తుండగా చూసి తీసుకోండి. దొరకకపోతే 5700ఎక్స్ చాలు.

ఏది కొన్నా, పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చండి. లేకపోతే కొత్తది పెట్టాక తెర వెలగకపోవచ్చు. విప్పే రోజున ఒక పావుగంట ఏదైనా ఆట నడిపి, ఆపేసి, గోడ ప్లగ్గు తీసి, వేడి తగ్గకముందే కూలర్ మరలు విప్పండి. చల్లారిన థర్మల్ పేస్టు జిగురులా పట్టేస్తుంది, కూలర్‌ను నిట్టనిలువుగా లాగితే ఈ రకం సాకెట్‌లో ప్రాసెసర్ కూడా దానికే అంటుకుని ఊడివచ్చి పిన్నులు వంగిపోతాయి. లాగకుండా, కూలర్‌ను కుడికీ ఎడమకీ కొద్దికొద్దిగా తిప్పుతూ ఉండండి. పట్టు వదిలిన క్షణం చేతికే తెలుస్తుంది. అప్పుడు పైకి ఎత్తండి. ఇక్కడి చలికాలంలో గాలి పొడిగా ఉండి, కార్పెట్ మీద నడిచి ఏది ముట్టుకున్నా షాక్ కొడుతుంది గనుక, భాగాలు పట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి. కంప్యూటర్ పెట్టిన గదిలో 1500 వాట్ల హీటర్‌ను అదే బ్రేకర్ మీదున్న ప్లగ్గులో పెట్టకండి, 15 ఆంపియర్ల బ్రేకర్ ఆ రెండింటినీ మోయలేదు.